మన వెనుక ఆగినవాని కన్నులు



ఈ వారం మేము ఎత్తుకొన్న విషయం చూసి కొందరికి నవ్వు రావచ్చు. కొత్త కార్లలో వస్తున్న ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకుతోనూ, ఆటో హోల్డ్ అనే మీటతోనూ అయ్యగారికి ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఈ మూడు నాలుగేళ్లలో మన సంఘంలో కార్లు కొనుక్కొన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. దేవునికి స్తోత్రం. బండి ఇంటికి రాగానే మమ్మల్ని పిలిచి ప్రార్థన చేయిస్తున్నారు. ఆ బండిలో ప్రయాణించేవారిని కాపాడమని మేము ప్రార్థిస్తున్నాము, ఆ బండివల్ల ఎవరికీ హాని కలగకూడదని కూడా ప్రార్థిస్తున్నాము. ఆ రెండో ప్రార్థనలో దేవుని వంతు ఎంత ఉందో, స్టీరింగు పట్టుకొన్నవారి వంతు కూడా అంతే ఉంది. ఆ వంతులో ఒక చిన్న భాగం గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఈ రెండూ ఏమిటో తెలియనివారి కోసం చెబుతాము. పాత కార్లలో రెండు సీట్ల మధ్య పైకి లాగే హ్యాండ్‌బ్రేకు ఉండేది. దాన్ని లాగితే కింద తీగ బిగిసి వెనుక చక్రాలు పట్టుకొనేవి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకులో ఆ కడ్డీ ఉండదు, చిన్న స్విచ్చు ఉంటుంది. దాన్ని వేలితో పైకి లాగితే వెనుక చక్రాల దగ్గరున్న చిన్న మోటార్లు తిరిగి బ్రేకును బిగిస్తాయి. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ లాంటి ఖరీదైన కార్లతో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు మన వీధుల్లో తిరిగే హ్యుందాయ్ క్రెటా, టాటా నెక్సాన్ ఈవీ లాంటి బండ్లలోనూ కొన్ని రకాలకు వచ్చింది.

ఆటో హోల్డ్ వేరు. అది హ్యాండ్‌బ్రేకు కాదు. బ్రేకు తొక్కి బండిని ఆపాక కాలు తీసేసినా, తొక్కినప్పుడు ఉన్న ఒత్తిడిని బండి తనంతట తానే అలాగే పట్టి ఉంచుతుంది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే వదిలేస్తుంది. అంటే కాలు పక్కన పెట్టి కూర్చున్నా, బండి లెక్కలో మన కాలు ఇంకా బ్రేకు మీదే ఉన్నట్టు. అందుకే ఆటో హోల్డ్ పనిచేస్తున్నంతసేపూ వెనుక బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. హ్యాండ్‌బ్రేకు వేసి కాలు తీస్తే ఆ లైట్లు ఆరిపోతాయి. మనం ఈరోజు ఆలోచించవలసిందంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

ఆటో హోల్డ్ మంచిది కాదని మేము అనడం లేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి అది పెద్ద ఉపకారం. చించినాడ వంతెన ఎక్కేటప్పుడు ముందు లారీ ఆగిపోయిందనుకోండి. ఆ వాలులో కాలు బ్రేకునుండి యాక్సిలరేటర్ మీదికి మారేలోపు బండి వెనక్కి జారితే, వెనుక స్కూటరు మీద పిల్లలతో ఉన్నవాని గతి ఏమిటి? ఆటో హోల్డ్ ఆ జారుడును ఆపుతుంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాదునుండి వచ్చే కార్లతో భీమవరం, పాలకొల్లు వీధులు నిండిపోయి అడుగు కదిలి అడుగు ఆగే వేళ, ఆటోమేటిక్ గేరు బండి మెల్లగా ముందుకు పాకి ఎవరికో తగలకుండా కూడా అది కాపాడుతుంది. కాబట్టి అది మన సుఖానికే కాదు, ఇతరుల క్షేమానికి కూడా పనికివచ్చే వస్తువే.

చిక్కు రాత్రివేళ, ఎక్కువసేపు ఆగినచోట వస్తుంది. మన ప్రాంతంలో అలాంటి చోటు ఏదో మీకు చెప్పనక్కరలేదు. రైలు గేటు. భీమవరం, నరసాపురం మధ్య రైలు వచ్చే వేళ గేటు పడితే ఐదు నిమిషాలో పది నిమిషాలో నిలబడాలి. కొత్త కారు ముందు ఆగుతుంది. లోపల ఏసీ, పాటలు. ఆటో హోల్డ్ పట్టుకొంది గనుక కాలు తీసేసి ఫోను చూసుకొంటారు. వెనుక మూడు బ్రేకు లైట్లు ఎర్రగా మండుతూ ఉంటాయి. ఆ వెనుక టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద ఒక మనిషి ఆగి ఉంటాడు. కారు అద్దం లాంటిది అతనికి ఏమీ అడ్డు లేదు. గేటు లేచేవరకు ఆ వెలుగు అతని కళ్లలోనే.

ఆ మూడో బ్రేకు లైటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. వెనుక అద్దం దగ్గర ఎత్తుగా ఉంటుందే, అది. 1970లలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ట్యాక్సీలకు అలాంటి లైటు బిగించి చూసినప్పుడు వెనుకనుండి గుద్దుకోవడాలు తగ్గాయి. ఆ తరువాత 1986 మోడల్ కార్లనుండి ఆ దేశంలో దాన్ని తప్పనిసరి చేశారు. సరిగ్గా వెనుక డ్రైవరు కంటికి ఎదురుగా ఉండాలనే దాన్ని అంత ఎత్తులో పెట్టారు. ఎల్‌ఈడీ లైట్లు వచ్చాక ఇంకో మేలు జరిగింది. పాత బల్బు తీగ వేడెక్కి వెలగడానికి పట్టే సమయం వీటికి అక్కరలేదు, సుమారు 0.2 సెకను ముందే వెలుగుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నవానికి ఆ కాస్త సమయమే 3 మీటర్లకు పైగా దూరాన్ని మిగులుస్తుంది. ఆ 3 మీటర్లలో ఒక ప్రాణం ఉండవచ్చు.

దీన్నిబట్టి ఒక సంగతి గమనించండి. కారుకున్న హెడ్‌లైట్లు మనం దారి చూసుకోవడానికి. లోపలి దీపం మన వస్తువులు వెదుక్కోవడానికి. బ్రేకు లైటు మాత్రం పూర్తిగా వెనుకవాని కోసమే. నడిపేవాడు సీట్లో కూర్చుని దాన్ని నేరుగా చూడలేడు కూడా. డబ్బు పెట్టి కొన్నది మనమే అయినా, అది పొరుగువాని కోసం మన బండికి తగిలించిన దీపం. అతడు వేగంగా వస్తున్నప్పుడు అది అతన్ని కాపాడుతుంది. అతడు వచ్చి మన వెనుక ఆగి, కాలు నేలమీద పెట్టాక దాని పని అయిపోయింది. ఆ తరువాత కూడా అది మండుతూ ఉంటే ఉపకారం చేసిన దీపమే బాధపెట్టే దీపం అవుతుంది.

మా సంఘంలో కంట్లో శుక్లం ఉన్న ఒక పెద్దాయన ఉన్నారు. కొబ్బరికాయల వలుపు పనికి వెళ్లి చీకటిపడ్డాక మోపెడ్ మీద ఇంటికి వస్తారు. గేటు దగ్గర కారు వెనుక ఆగినప్పుడల్లా ఏంచేస్తారని మేము అడిగితే, "కళ్లు మూసుకొని కూర్చుంటానండి అయ్యగారూ, రైలు చప్పుడు వెళ్లిపోయాక తెరుస్తాను" అన్నారు. ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. వానపడితే తలమీద కండువా వేసుకొంటాను అన్నంత మామూలుగా చెప్పారు. శుక్లం ఉన్న కంట్లోకి పోయిన వెలుగు చెదిరిపోయి ఎదుట అంతా మసకగా పరుచుకొంటుంది. వయసు మీరినకొద్దీ కళ్లు తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. అసలు ఎవరి కన్నైనా చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుందని కంటి వైద్యులు చెబుతారు. ఎరుపు రంగు తెలుపంత చెడ్డది కాదన్నమాట నిజమే. అయినా అంత దగ్గరలో, కంటికి ఎదురుగా, నిమిషాల తరబడి ఉంటే అది కూడా మిరుమిట్లు గొలుపుతుంది.

గేటు లేచాక ఏం జరుగుతుందో ఆలోచించండి. కారు వెళ్లిపోతుంది. మోపెడ్ మీది మనిషి కాలువ గట్టు రోడ్డు ఎక్కుతాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టా అంతటా కాలువలు పారాయి, మనకు అన్నం పెట్టాయి. ఆ గట్లు నీటికోసం, పడవలకోసం వేసినవి. ఇప్పుడు వాటిమీదే మన రోడ్లు. చాలాచోట్ల ఒకవైపు కాలువ, ఇంకోవైపు చేలు, నడుమ సన్నని దారి. దీపం ఉండదు, కాలువ పక్క గోడా ఉండదు. దాళ్వా కోతల కాలమైతే ధాన్యం బస్తాల ట్రాక్టరు వెనుక ఎర్ర రంగు రేకు కూడా లేకుండా ఆగి ఉండవచ్చు. రొయ్యల లారీనుండి కారిన నీళ్లతో రోడ్డు జారుడుగా ఉండవచ్చు. కంటి ముందు ఇంకా ఎర్ర మచ్చలు తిరుగుతున్న మనిషి ఆ దారిన పోవాలి. అతడు కాలువలో పడితే మరునాడు అందరూ ఏమంటారు? చూసుకోకుండా నడిపాడంటారు. తాగి ఉన్నాడేమో అని కూడా అంటారు. గేటు దగ్గర అతని ముందు ఆగిన కారు ఎవరికీ గుర్తుకు రాదు. ఆ కారువారికి కూడా తెలియదు.

ఇక్కడే మాకు లేవీయకాండము 19వ అధ్యాయం 14వ వచనం జ్ఞాపకం వస్తుంది. చెవిటివానిని దూషించడాన్నీ, చూపులేనివాని దారిలో కాలికి తట్టుకొనేది పెట్టడాన్నీ దేవుడు అక్కడ నిషేధించి, వెంటనే తనకు భయపడమని చెబుతాడు. ఆ రెండు తప్పులకూ ఒక పోలిక ఉంది. చెవిటివానికి ఎవరు తిట్టారో వినబడదు. చూపులేనివానికి ఎవరు అడ్డం పెట్టారో కనబడదు. బాధితుడు వచ్చి మనల్ని నిలదీయలేడు, సాక్షి లేడు. అందుకే, చూసేవాడిని నేనున్నానని దేవుడు గుర్తుచేస్తున్నాడు. దాని పై వచనమే కూలివాని కూలి తెల్లవారేవరకు మన దగ్గర ఉంచుకోవద్దనే ఆజ్ఞ. నోరు తెరిచి అడగలేనివాని పక్షాన దేవుడు వరుసగా మాట్లాడుతున్న చోటు అది. మిరుమిట్లు కమ్మినవాడు ఆ కాసేపు చూపులేనివాడే గదా.

ఇంగ్లాండులో ఉంటున్న మన సంఘపు పిల్లలకు ఈ సంగతి కొత్త కాదు. ఆ దేశపు రహదారి నియమావళిలో 114వ నియమం ఇదే చెబుతుంది. వరుసలో బండి నిలిచినప్పుడు పార్కింగ్ బ్రేకు వేయండి, వెనుకవారు ఆగాక కాలు బ్రేకునుండి తీసి లైట్లు ఆరనివ్వండి, వెనుకవారి కళ్లకు ఇబ్బంది తగ్గుతుంది అని దాని సారాంశం. ఎవరి కళ్లూ మిరుమిట్లు గొలిపేలా లైట్లు వాడకూడదన్నది అక్కడ చట్టం. వరుసలో హ్యాండ్‌బ్రేకు వేయడమనేది మాత్రం సలహా. అంటే ఒక హద్దు దాటాక చట్టం కూడా మన మర్యాదకే వదిలేస్తుంది. జరిమానా లేనిచోట మనం ఎలా ఉంటామన్నదే మన అసలు గుణం.

ఈ మాట ఒకరిద్దరితో అన్నప్పుడు మాకు వచ్చిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అవి న్యాయమైన ప్రశ్నలే.

"అయ్యగారూ, ఎదురుగా హైబీమ్ వేసుకొని వచ్చే లారీల సంగతి వదిలేసి ఈ చిన్న ఎర్ర లైటు పట్టుకొన్నారేమిటి?" అని ఒక తమ్ముడు అడిగాడు. హైబీమ్ ఇంతకంటే పెద్ద తప్పే, అందులో సందేహం లేదు. కాని అది తప్పని అందరికీ తెలుసు. ఎదుటివాడు లైటు కొట్టి అడుగుతాడు, కొందరు అద్దం దించి అరుస్తారు. ఈ ఎర్ర లైటు గురించి మనకు ఎవరూ చెప్పరు. కారులో ఉన్నవారిని మోపెడ్ మీద ఉన్నవాడు దిగివచ్చి, "మీ లైటు నా కళ్లలో పడుతోందండి" అని మన ఊళ్లలో అడగగలడా? కారు ఎవరిది, మోపెడ్ ఎవరిది, మన పల్లెల సంగతి మీకు తెలుసు. అడగలేడు గనుకనే మేము అతని తరపున అడుగుతున్నాము.

ఇంకొకరు, "బ్రేకు లైటు ఆరిపోతే వెనుకనుండి వచ్చేవాడు మనల్ని గుద్దడా?" అన్నారు. ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. వరుసలో మనమే చివరివారమైతే, వెనుక ఇంకా ఎవరూ ఆగకపోతే, బ్రేకు లైటు వెలగనివ్వవలసిందే. వెనుక ఒక బండి వచ్చి పూర్తిగా ఆగిందని అద్దంలో చూసుకొన్నాకనే హ్యాండ్‌బ్రేకు వేసి కాలు తీయాలి. అప్పుడు కూడా హెడ్‌లైట్లో పార్కింగ్ లైట్లో వేసి ఉంటే వెనుక మామూలు ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆరేది బ్రేకు వెలుగు మాత్రమే.

మరొకరు, "ఇది కంపెనీలవారు సరిచేయవలసిన పని కదా?" అన్నారు. కావచ్చు. వెనుక బండి ఆగాక వెలుగు తగ్గేలా వారు చేస్తే మేము సంతోషిస్తాము. చాలా కార్లు కొన్ని నిమిషాల తరువాత ఆటో హోల్డ్ నుండి తామే పార్కింగ్ బ్రేకుకు మారతాయి కూడా. కాని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం చూడండి. కొత్త ఇల్లు కట్టుకొన్నవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడనుండి పడినవాని రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందని దాని భావం. ఆ పని దేవుడు తాపీమేస్త్రీకి చెప్పలేదు, ఇంటివానికి చెప్పాడు. కొత్త మేడ వస్తే దానితో ఒక కొత్త బాధ్యత వస్తుంది. కొత్త కారుకూ అంతే. ఈ కాలపు పిట్టగోడ ఒక చిన్న స్విచ్చు అయితే, దాన్ని లాగడానికి మనకు బరువేమిటి?

"గేటు పడితే ఎడమా కుడీ లేకుండా రోడ్డంతా నింపేసేవారి మధ్య ఈ మర్యాద ఎవరికండీ?" అని నవ్వినవారూ ఉన్నారు. నిజమే, గేటు లేచాక ఎటు బండ్లు అటు ఇరుక్కుపోయి అంబులెన్సు కూడా కదలని రాత్రులు మనం చూశాము. కాని అందరూ మారాక మనం మారదామంటే, గేటు దగ్గర అందరూ వెళ్లాక నేను వెళతానని కూర్చున్నట్టే. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. దేవుని పిల్లలమని చెప్పుకొనేవాళ్లం మొదలుపెడితే ఏం తప్పు?

ఇప్పుడు ఏంచేయాలో తేలికగా చెబుతాము. రాత్రి గేటు దగ్గర ఆగి, రైలు రావడానికి సమయం ఉందని తెలిస్తే ఇంజను ఆపేయండి. నూనె కూడా మిగులుతుంది. ఆపేముందు హ్యాండ్‌బ్రేకు వేయడం మరువకండి. ఇంజను ఆపకపోతే, వెనుకవారు ఆగారని చూసుకొని, గేరు న్యూట్రల్‌లోనో, ఆటోమేటిక్ బండైతే పార్కింగ్‌లోనో పెట్టి, హ్యాండ్‌బ్రేకు స్విచ్చు లాగి కాలు తీయండి. గేటుకు అవతలి వరుసవారు మనకు ఎదురుగా ఉంటారు గనుక హెడ్‌లైట్లు తగ్గించి పార్కింగ్ లైట్లు ఉంచండి. మెల్లగా కదిలే వరుసలోనూ, వంతెన వాలులోనూ ఆటో హోల్డ్ నిశ్చింతగా వాడుకోండి. కడ్డీ హ్యాండ్‌బ్రేకు ఉన్న పాత బండివారికీ ఇదే మాట. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చొంటే మీ లైట్లు కూడా మండుతూనే ఉంటాయి.

అన్ని కార్లూ ఒక్కలా ఉండవు. మీ బండి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆదివారం సాయంకాల ఆరాధన అయ్యాక మన మందిరపు తెల్లగోడకు బండి వెనుక భాగం వచ్చేలా పెట్టి అద్దంలో చూడండి. ఆటో హోల్డ్‌లో గోడ ఎర్రబడుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి కాలు తీయగానే ఆ ఎరుపు తగ్గాలి. పిల్లల్ని పిలిచి చూపించండి. రేపు బండ్లు నడిపేది వాళ్లే. కువైట్‌లో, దోహాలో షేకుల ఇళ్లలో పెద్ద కార్లు నడుపుతున్న మన సహోదరులకు ఇవన్నీ మాకంటే బాగా తెలుసు. సెలవుకు వచ్చినప్పుడు ఇక్కడివారికి నేర్పించండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మందిరం సందులోనుండి బండ్లన్నీ ఒక్కసారే బయలుదేరతాయి. కార్లు ముందు, మోపెడ్లూ సైకిళ్లూ వెనుక. ఒకే బల్లలో పాలుపొందినవాళ్లం ఆ సందు చివర రెండు నిమిషాలు ఒకరి వెనుక ఒకరం నిలబడతాము. ఈ సంవత్సరం ఆ రెండు నిమిషాలు వెనుకవారి కళ్లలో ఎర్రటి వెలుగు లేకుండా గడపగలమేమో చూద్దాం. ఈ పని చేసినందుకు మనకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు. ముందున్న కారు లైటు ఆరిందని వెనుకవాడు గమనించకపోవచ్చు కూడా. అతడు తేటగా దారి చూసుకొంటూ గట్టుమీదుగా ఇల్లు చేరితే చాలు.

ప్రభువు మీ రాకపోకలను కాపాడి, మీ వెనుక వచ్చేవారిని కూడా క్షేమంగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.